కెమెరా మన గుమ్మానికి, ఎదురింటికి కాదు

మాదాపూర్ అయ్యప్ప సొసైటీలోనో, కొండాపూర్‌లోనో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఊహించుకోండి. కారిడార్ వెడల్పు ఆరడుగులు. తలుపుకి ఎదురుగా తలుపు. 301 వాళ్లు చెప్పుల స్టాండ్ పైన గోడకి ఒక కెమెరా బిగించారు. కారణం న్యాయమైనదే. ఇద్దరూ ఐటీ ఉద్యోగులు, పగలంతా ఇంటికి తాళం, పార్సిళ్లు గుమ్మం ముందే పడి ఉంటాయి. కానీ ఆ కెమెరాలో ఎక్కువగా కనిపించేది 301 గుమ్మం కాదు, 302 గుమ్మం. అందులో అద్దెకుండే నలుగురు అమ్మాయిలు ఏ షిఫ్టుకి వెళ్తున్నారు, ఎన్నింటికి వస్తున్నారు, ఎవరు దింపి వెళ్తున్నారు, తలుపు తీసినప్పుడు హాల్లో ఎవరున్నారు, అంతా 301 వాళ్ల ఫోన్‌లో రికార్డవుతోంది. 301 వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఆ వీడియోలు ఒక్కసారి కూడా తెరిచి చూసి ఉండకపోవచ్చు. అయినా 302 వాళ్లు రోజూ ఆ నల్ల కన్ను ముందు నుంచే నడవాలి.

మనలో చాలామందిమి ఇప్పుడు 302లో ఉన్నాం. ఉద్యోగం వచ్చిన రెండు మూడేళ్లకి 301లోకి మారతాం. ఈలోపు ఇంట్లో కెమెరా కొనాల్సి వస్తే "నువ్వు ఇంజనీరింగ్ కదరా, నువ్వే చూడు" అని ఆ పని మన నెత్తినే పడుతుంది. అందుకే ఈ వ్యాసం.

ఒక మాట ముందే చెప్పేస్తా. భద్రత కావాలంటే పక్కవాళ్ల ప్రైవసీ కొంత పోక తప్పదు అని చాలామంది అనుకుంటారు. లెన్స్ లెక్కలు వేసి చూస్తే అది నిజం కాదని తేలుతుంది. ఎదురింటిని బాగా చూపించే కెమెరా, చాలాసార్లు మనింటికొచ్చిన దొంగ ముఖాన్ని సరిగ్గా చూపించదు.

కెమెరాల ఊరు మనది

కంపారిటెక్ అనే సంస్థ 2020లో ప్రపంచ నగరాలను జనాభా లెక్కన ఎన్ని కెమెరాలున్నాయో పోల్చి చూస్తే, హైదరాబాద్ 16వ స్థానంలో నిలిచింది. ఇది ఒక్కరోజులో జరిగింది కాదు. ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడే, 2013లో, ప్రజా భద్రత చట్టం వచ్చింది. జనం గుమిగూడే దుకాణాలు, ఆస్పత్రులు, కాలేజీలు లాంటివి కెమెరాలు పెట్టుకోవాలి, ఫుటేజీ 30 రోజులు దాచాలి అని ఆ చట్టం చెప్పింది. తర్వాత పోలీసులు 'నేను సైతం' పేరుతో కాలనీలను, అపార్ట్‌మెంట్లను కూడా కెమెరాలు పెట్టించుకోమని ప్రోత్సహించారు. పేరు వినగానే శ్రీశ్రీ గుర్తొస్తారు కానీ ఇక్కడ ధారపోయాల్సింది చందా డబ్బులు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. అదే సంవత్సరం, పోలీసులు ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వాడటాన్ని సవాలు చేస్తూ ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్త వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

అంటే రోడ్డు మీద ఉన్న కెమెరా గురించి కనీసం అడగడానికి ఒక ఆఫీసు ఉంది, ఒక కోర్టు కేసు ఉంది, ఒక చర్చ ఉంది. కారిడార్‌లో చెప్పుల స్టాండ్ పైనున్న కెమెరా గురించి ఎవరిని అడగాలి? దాన్ని బిగించిన వాళ్లనే. కాబట్టి బాధ్యత కూడా బిగించేవాళ్లదే.

ముందు కొనకండి, ముందు గీయండి

సికింద్రాబాద్ సీటీసీకో, కోఠి గుజరాతీ గల్లీకో వెళ్తే షాపువాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని కెమెరాలు కావాలి?" అని. మనం ఇంట్లో కూర్చుని వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: "ఏ జాగాలో, ఎవరి ముఖం కనిపించాలి?"

ఒక కాగితం మీద ఇంటి ప్లాన్ గీయండి. మనింట్లోకి రావడానికి ఉన్న దారులన్నీ గుర్తు పెట్టండి. ఫ్లాట్ అయితే సాధారణంగా ఒకటే తలుపు, మహా అయితే యుటిలిటీ బాల్కనీ. ఇండిపెండెంట్ ఇల్లు అయితే గేటు, వెనక తలుపు, మేడ మెట్లు. ఇప్పుడు వేరే రంగు పెన్నుతో పక్కవాళ్ల తలుపులు, కిటికీలు, బాల్కనీలు, వాళ్ల మేడ మీద బట్టలారేసే తాడు కూడా గుర్తు పెట్టండి. కెమెరా చూసే త్రికోణంలో మొదటి రంగు ఉండాలి, రెండో రంగు ఉండకూడదు. డిజైన్ అంతా ఇంతే. మిగతాది లెక్క.

లెన్స్ లెక్క

భద్రతా కెమెరాలకి ఐఈసీ 62676 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో ఉన్న కొలత చాలా సింపుల్: దృశ్యంలో ఒక మీటరు వెడల్పుకి ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయి? 25 పడితే అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుంది. 125 పడితే మనకు తెలిసిన మనిషిని గుర్తుపట్టగలం. ముక్కూముఖం తెలియని మనిషిని గుర్తించాలంటే 250 కావాలి. దొంగ మనకు చుట్టం కాదు కాబట్టి మనకు కావాల్సింది 250.

ఇప్పుడు మామూలుగా దొరికే 2 మెగాపిక్సెల్ కెమెరా తీసుకుందాం. అడ్డంగా 1920 పిక్సెళ్లు. 1920ని 250తో భాగిస్తే 7.68. అంటే దృశ్యం వెడల్పు ఏడున్నర మీటర్లు దాటిందంటే ముఖం పోయినట్టే.

షాపులో ఎక్కువగా అంటగట్టేది 2.8 మిల్లీమీటర్ల లెన్స్. "మొత్తం కవరవుతుంది సార్" అంటారు. దాని చూపు సుమారు 100 డిగ్రీలు. త్రికోణమితి గుర్తుచేసుకోండి: వెడల్పు = 2 × దూరం × టాన్ 50. గేటు కెమెరాకి 8 మీటర్ల దూరంలో ఉందనుకుంటే, అక్కడ దృశ్యం వెడల్పు దాదాపు 19 మీటర్లు. మీటరుకి 100 పిక్సెళ్లు. గేటు దూకినవాడు మనిషే అని తెలుస్తుంది, ఎవరో తెలియదు. పైగా 200 గజాల ప్లాటు ముందు వైపు వెడల్పు పది మీటర్ల దగ్గర్లో ఉంటుంది. మిగిలిన తొమ్మిది మీటర్లు ఎవరివి? అటు పక్కింటివాళ్లవి, ఇటు పక్కింటివాళ్లవి.

అదే చోట 6 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే చూపు సుమారు 50 డిగ్రీలు. 8 మీటర్ల దూరంలో వెడల్పు ఏడున్నర మీటర్లు. మీటరుకి 250 పైనే పిక్సెళ్లు. ముఖం దొరికింది, పక్కింటి గేటు ఫ్రేములోంచి పోయింది. ధరలో పెద్ద తేడా ఉండదు. పక్కింటి గోడ మీద వృథా అయిన పిక్సెళ్లన్నీ మన గేటు మీదకి వచ్చాయి, అంతే. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, కెమెరాకి ఆ రుచి చూపిస్తే మన కూర మాడిపోతుంది.

2.8 లెన్స్ పనికిరాదని కాదు. తలుపు నుంచి మూడు మీటర్ల లోపు బిగిస్తే అది కూడా 250 ఇస్తుంది. నాలుగు మీటర్ల దగ్గర అయితే 4 మిల్లీమీటర్లది చూసుకోండి. దూరం టేపుతో కొలిచాకే లెన్స్ కొనండి.

ఆరడుగుల కారిడార్‌లో ఏం చేయాలి?

ఫ్లాట్లలో అసలు చిక్కు తలుపుకెదురుగా తలుపు. కెమెరాని మన తలుపు మీద పెట్టి బయటికి చూపిస్తే, అది చూసేది ఎదురింటినే. కాబట్టి బయటికి చూసేలా కాకుండా, మన వైపు గోడ చివరన పెట్టి ఆ గోడ వెంబడే మన తలుపు వైపు చూసేలా తిప్పండి. వచ్చినవాడి ముఖం పక్క నుంచి దొరుకుతుంది, ఎదురు తలుపు ఫ్రేము అంచుకి పోతుంది.

చాలా కెమెరాల్లో కారిడార్ మోడ్ ఉంటుంది. కెమెరాని 90 డిగ్రీలు తిప్పి బిగించి, సెట్టింగ్స్‌లో బొమ్మని నిలువు చేసుకుంటాం. అడ్డంగా 100 డిగ్రీలున్న చూపు సుమారు 55కి తగ్గుతుంది, పొడవు పెరుగుతుంది. సన్నటి నడవాకి సరిగ్గా ఇదే కావాలి.

ఇంకా ఎదురింటి తలుపు కాస్త కనిపిస్తుంటే ప్రైవసీ మాస్క్ వాడండి. ఆ భాగం మీద నల్లటి డబ్బా గీసేయొచ్చు. కానీ ఫోన్ యాప్‌లో చూసేటప్పుడు మాత్రమే దాచే మాస్క్ కాదు, రికార్డింగ్‌లోనే నల్లగా పడే మాస్క్ కావాలి. పెట్టాక ఒక క్లిప్ డౌన్‌లోడ్ చేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. గిర్రున తిరిగే చవక వైఫై కెమెరాలని బయట పెట్టకండి. ఈ రోజు మాస్క్ సరిగ్గా ఉన్నా, రేపు ఎవరో తిప్పుతారు. ఒకవేళ తిప్పకపోయినా, తిప్పలేదని పక్కవాళ్లకి ఎలా తెలుస్తుంది?

ఇదే కారణంతో, గుండ్రటి నల్ల గాజు డోమ్ కంటే గొట్టం లాంటి బుల్లెట్ కెమెరా పొరుగువాళ్లకి మంచిది. అది ఎటు చూస్తోందో ఎవరికైనా కనిపిస్తుంది.

వీడియో డోర్‌బెల్ అయితే బెల్ నొక్కినప్పుడు మాత్రమే రికార్డయ్యేలా పెట్టండి. ఎదురింటి తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మన ఫోన్ మోగనక్కర్లేదు. కొన్నింటికి పక్కకి తిప్పే ఏటవాలు దిమ్మ కూడా వస్తుంది. దొంగ ఎవరో తర్వాత తెలుసుకోవడం కన్నా, తలుపవతల ఎవరున్నారో ఇప్పుడు తెలియడమే ముఖ్యమైతే, పీప్‌హోల్ స్థానంలో పెట్టే చిన్న స్క్రీన్ సరిపోతుంది.

రాత్రి సంగతి కూడా చూడాలి. కదలిక కనిపించగానే తెల్ల లైటు వెలిగించే కెమెరాలు ఇప్పుడు ఎక్కువగా వస్తున్నాయి. వీధి కుక్క నడిచిన ప్రతిసారీ ఎదురింటివాళ్ల బెడ్‌రూమ్‌లో తెల్లారితే వాళ్లు ఊరుకోరు. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైటు చాలు.

గోడలకు చెవులుంటాయి, మైకు ఆపేయండి

వీడియో గురించి ఆలోచించేవాళ్లు కూడా మైకు గురించి మర్చిపోతారు. లెన్స్‌కి గోడ అడ్డొస్తుంది, మైకుకి రాదు. మాస్క్ గీస్తే బొమ్మ ఆగుతుంది, మాట ఆగదు. కారిడార్‌లో ఫోన్ మాట్లాడుకునేవాళ్లు, తలుపు దగ్గర గొడవపడే అన్నదమ్ములు, అన్నీ రికార్డవుతాయి.

2021లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ముందుకి ఇలాంటి కేసే వచ్చింది. ఇంటి డోర్‌బెల్, కెమెరాలు తన ప్రైవసీకి భంగం కలిగిస్తున్నాయని పొరుగావిడ కోర్టుకెక్కారు. గుమ్మం ముందు మనిషిని చూపించే వీడియో విషయంలో కోర్టు కొంత సమర్థించింది కానీ, వీడియో అందుకోలేనంత దూరం నుంచి మాటల్ని పట్టుకుంటున్న ఆడియోని మాత్రం తీవ్రంగా తప్పుపట్టింది. దొంగని పట్టుకోవడానికి పొరుగువాళ్ల మాటలతో పనిలేదు. బయటి కెమెరాలన్నింటికీ మైకు ఆఫ్. ఇందులో ఆలోచించేదేం లేదు.

ఫుటేజీ ఎన్నాళ్లు? ఎవరికి?

2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకి 21.6 గిగాబైట్లు. ఒక టెరాబైట్ డిస్క్‌లో ఒక కెమెరాకి దాదాపు 46 రోజులు, రెండింటికి 23 రోజులు. చోటుంది కదా అని అన్నాళ్లూ దాచక్కర్లేదు. 30 రోజుల నిబంధన జనం గుమిగూడే సంస్థలకి, మన ఫ్లాట్‌కి కాదు. ఊరెళ్లి వచ్చేలోపు చెరిగిపోకుండా ఉంటే చాలు. పది, పదిహేను రోజులకి ఆటోమేటిక్‌గా చెరిగిపోయేలా పెట్టేయండి. లేని ఫుటేజీని ఎవరూ దొంగిలించలేరు.

అసలు ప్రమాదం మాత్రం డిస్క్‌లో కన్నా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనే ఎక్కువ. "ఈ అబ్బాయి ఎవరో తెలుసా? మా ఫ్లోర్‌లో అనుమానంగా తిరుగుతున్నాడు" అని ఒక డెలివరీ కుర్రాడి ముఖం రెండు వందల మందికి వెళ్తుంది. అతను ఫ్లాట్ నంబరు వెతుక్కుంటున్నాడని తర్వాత తెలుస్తుంది. అప్పటికి ఆ వీడియో పక్క గేటెడ్ కమ్యూనిటీలో కూడా తిరుగుతుంటుంది. నిజంగా దొంగతనం జరిగితే క్లిప్ కాపీ చేసి పోలీసులకి ఇవ్వండి. గ్రూపులో "ఫలానా టైముకి ఫలానా ఫ్లోర్‌లో దొంగతనం జరిగింది, ఫుటేజీ పోలీసులకిచ్చాం" అని రాస్తే సరిపోతుంది.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇంటర్నెట్‌ని కుదిపేసింది. అది చేసిన పెద్ద తెలివైన పనేం లేదు. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ల జతలు ఓ 60 దాకా పట్టుకుని లక్షలాది కెమెరాలు, డీవీఆర్‌ల తలుపు తట్టింది. ఎవరూ పాస్‌వర్డ్ మార్చలేదు కాబట్టి తలుపులు తెరుచుకున్నాయి. ఆ సైన్యంతో అక్టోబరు 21న డిన్ అనే కంపెనీ మీద జరిగిన దాడికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి తెరుచుకోలేదు.

మన కెమెరాలో పక్కింటివాళ్లు కూడా కనిపిస్తున్నప్పుడు, మన బద్ధకానికి మూల్యం చెల్లించేది వాళ్లు కూడా. కాబట్టి బిగించడానికి వచ్చినతను వెళ్లిన వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. అతను తన ఫోన్‌లో యాప్ పెట్టి టెస్ట్ చేసుంటే, యూజర్ల లిస్టులోంచి ఆ ఫోన్ తీసేయండి. రెండంచెల లాగిన్ పెట్టండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఆన్ చేసి ఉంటే ఆపేయండి. రూమ్మేట్ ఖాళీ చేసి వెళ్లినప్పుడు తాళంచెవితో పాటు యాప్ లాగిన్ కూడా వెనక్కి తీసుకోవాలి.

కొనేటప్పుడే చూడాల్సింది ఇంకోటుంది. 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో సీసీటీవీ కెమెరాలకి కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ నిర్దేశించిన భద్రతా పరీక్షలు తప్పనిసరి. డబ్బా మీద బీఐఎస్ గుర్తు, రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడొచ్చు. పాత స్టాకేమో, కొత్త పరీక్ష అయిందో లేదో షాపులో గట్టిగా అడగండి.

చట్టం ఏమంటోంది?

ఇంటి కెమెరాల గురించే ప్రత్యేకంగా ఒక చట్టం మనకి లేదు. అలాగని అడిగే దిక్కు లేదనుకోవద్దు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. ఐటీ చట్టం సెక్షన్ 66ఈ ప్రకారం అనుమతి లేకుండా ఒకరి శరీరంలోని వ్యక్తిగత భాగాల్ని చిత్రీకరించడం, పంపడం నేరం. మూడేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. కెమెరా బాత్రూమ్ వెంటిలేటర్ వైపో, బెడ్‌రూమ్ కిటికీ వైపో తిరిగి ఉంటే, "దొంగల కోసం పెట్టాం" అని ఒక్క ముక్క చెప్పి బయటపడటం కష్టం.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఒక వ్యక్తి సొంత, గృహ అవసరాల కోసం వాడే డేటాకి మినహాయింపు ఇచ్చింది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మాత్రం ఒక వ్యక్తి కాదు, కాబట్టి లిఫ్ట్ దగ్గరి కెమెరాకి ఆ మినహాయింపు వర్తిస్తుందని ధీమాగా ఉండకూడదు. యూరప్‌లో అయితే గీత ఇంకా స్పష్టంగా ఉంది. చెక్ దేశస్థుడొకాయన తన ఇంటికి పెట్టుకున్న కెమెరాలో వీధి, ఎదురింటి గుమ్మం కూడా పడుతుంటే, అది కేవలం గృహ అవసరం అనిపించుకోదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2014లోనే చెప్పింది.

ఇంటి లోపలి సంగతి చూస్తే, ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల కేసులో, ఇంటి నివాస భాగంలో రెండో హక్కుదారు అనుమతి లేకుండా కెమెరాలు నడపడం అతని గోప్యతని ఉల్లంఘించడమే అని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. ఒక ఫ్లాట్‌ని పంచుకుని ఉండే మనలాంటివాళ్లం ఇది గుర్తుంచుకోవాలి. హాల్లో కెమెరా పెట్టాలంటే రూమ్మేట్స్ అందరూ ఒప్పుకోవాలి. పీజీలో మెయిన్ గేటు దగ్గర ఓనరు కెమెరా పెట్టుకోవచ్చు, గదుల్లో, బాత్రూమ్‌ల దగ్గర పెట్టే హక్కు ఎవరికీ లేదు.

డ్రిల్లు కన్నా ముందు డోర్‌బెల్

ఇన్ని లెక్కలు, సెక్షన్లు చెప్పుకున్నాక కూడా, అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది పది నిమిషాల మాట. గోడకి డ్రిల్లు పెట్టకముందే ఎదురింటి బెల్ కొట్టండి. కారిడార్ ఉమ్మడి జాగా కాబట్టి అసోసియేషన్‌కి కూడా ఒక మెసేజ్ పెట్టండి. మాటలు ఇలా ఉండొచ్చు:

"ఆంటీ, మా తలుపు దగ్గర ఒక కెమెరా పెడదామనుకుంటున్నాం. పార్సిళ్లు పోతున్నాయి. మీ తలుపు అందులో పడకుండా చూసుకున్నాం. మైకు కూడా ఆపేశాం."

"మేం వచ్చేదీ పోయేదీ అంతా మీకు కనిపిస్తుందేమో బాబూ."

"ఫిట్ చేశాక మీరే వచ్చి ఒకసారి మా ఫోన్‌లో చూడండి ఆంటీ. ఎక్కడైనా మీ గుమ్మం కనిపిస్తే అక్కడికక్కడే నల్లగా చేసేస్తాం. తర్వాత ఎప్పుడు డౌటొచ్చినా అడగండి, చూపిస్తాం."

మీరే 302లో ఉంటే సంభాషణ అటు నుంచి మొదలుపెట్టండి. "కెమెరా తీసేయండి" అంటే గొడవ అవుతుంది. "అన్నా, మీ కెమెరాలో మా డోర్ ఎంత పడుతోందో ఒకసారి చూపిస్తారా?" అంటే చాలామంది చూపిస్తారు. చూసిన వాళ్లకే అర్థమవుతుంది ఎంత పడుతోందో. అప్పుడు కారిడార్ మోడ్, మాస్క్ సంగతి చెప్పి, కావాలంటే మీరే సెట్ చేసి ఇవ్వండి. వినకపోతే అసోసియేషన్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, ఫ్రేములో ఏం పడుతోందో రాయండి. కిటికీలో దాకా చూస్తుంటే, అమ్మాయిలకి ఇబ్బంది పెట్టేలా ఉంటే, పోలీసుల దగ్గరికి, షీ టీమ్స్ దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడొద్దు.

ఇక పని లిస్టు: టేపుతో దూరం కొలవండి, లెన్స్ ఎంచుకోండి, ఎదురింటివాళ్లతో మాట్లాడండి, బిగించండి, మాస్క్ గీయండి, మైకు ఆపండి, పాస్‌వర్డ్ మార్చండి. ఆ తర్వాత ఎదురింటి గుమ్మంలో నిలబడి ఒకసారి మన కెమెరా వైపు చూడండి. అక్కడ నిలబడటం మీకు ఇబ్బందిగా అనిపిస్తే, స్క్రూడ్రైవర్ ఇంకా లోపల పెట్టేయకండి.